తిరిగి వచ్చిన తెల్లతల గ్రద్ద

ఒక ప్రాణి మిక్కిలి అరుదైపోయి, రేపో మాపో కనుమరుగగునని తెలిసినపుడు దానిని కాపాడవలెనని చెప్పుట సులభము. విన్నవారికి జాలి కలుగును; శాసనసభలలో చేతులు లేచును; చట్టము పుట్టును. కాని ఆ ప్రాణియే కొంతకాలమునకు కోలుకొని, పదులు వందలై, వందలు వేలై, ఊరిచెంత చెరువుగట్టున చెట్టెక్కి కూర్చున్నపుడు, "ఇంకను దీనికి చట్ట మెందులకు?" అను ప్రశ్న తప్పక వచ్చును. అరుదైన ప్రాణిని కాపాడుటకంటె కోలుకొన్న ప్రాణిని కాపాడుట చట్టమునకు కష్టతరమైన పని. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తెల్లతల గ్రద్ద నాశనపుటంచు దాక పోయి, మరల వృద్ధిచెందిన చరిత్ర ఈ విషయమున మిక్కిలి బోధప్రదమైనది.

ఈ పక్షి ఉత్తర అమెరికా ఖండమున తప్ప మరెక్కడను లేదు. ఆంగ్లమున దీనికి 'బట్టతల గ్రద్ద' యని పేరు స్థిరపడినది గాని, దాని తల బట్టతల కాదు. తెల్లని యీకలతో నిండిన తల. దేహము ముదురు గోధుమరంగు, తోక తెలుపు. ఈ తెలుపు పుట్టుకతో వచ్చునది కాదు. పిల్లగా నున్నపుడు మేనెల్ల గోధుమవర్ణమే. సుమారు అయిదేండ్లు నిండిన పిదపనే తలయు తోకయు తెల్లబడును. రెక్కలు చాచినపుడు ఈ కొననుండి ఆ కొనకు ఆరు మొదలు ఏడున్నర అడుగుల వరకు ఉండును. ప్రధానాహారము చేప. అందువలన నదులు, సరస్సులు, సముద్రతీరములు దీని నివాసములు. ఏడాదికి ఒకటి మొదలు మూడు వరకు గ్రుడ్లు పెట్టును. ఒకమారు కట్టిన గూటిని విడిచిపెట్టక ఏటేట పుల్లలు చేర్చి పెంచుచుండును. ఫ్లారిడాలో 1963లో పరీక్షించిన ఒక గూడు తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు, ఇరువది అడుగుల లోతు కలిగియుండెను. దాని బరువు రెండు టన్నులకు పైగా ఉండునని అంచనా వేసిరి.

పూజయు, పగయు

1782లో అమెరికా కాంగ్రెసు తన రాజ్యముద్రికపై ఈ గ్రద్దను నిలిపెను. రెండేండ్ల పిదప బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన కుమార్తెకు వ్రాసిన లేఖలో ఈ ఎంపికను ఎగతాళి చేసెను. ఇతర పక్షులు కష్టించి పట్టిన చేపలను తన్నుకొనిపోవు ఈ పక్షికి శీలము లేదని ఆయన ఆక్షేపణ. దేశచిహ్నముపై ఎక్కినది గదా యని జనులు దానిని బ్రతుకనిచ్చిరా యన్న, అదియు లేదు. మనవారు గరుత్మంతుని విష్ణువునకు వాహనముగను, ధ్వజముగను నిలిపిరి. అయినను కోడిపిల్లలను పెంచుకొను ఇల్లాలు ఆకాశమున గ్రద్దనీడ కనబడగనే కేకలు వేయును. అమెరికాలో ఆ కేక తుపాకిమ్రోత యయ్యెను.

అలాస్కా ప్రాంతమున సాల్మను చేపలు పట్టువారును, నక్కలను బోనులలో పెంచి తోళ్లమ్మువారును గ్రద్దలను శత్రువులుగా నెంచిరి. వారి మాట విని అచ్చటి శాసనసభ 1917లో గ్రద్దను చంపి దాని కాళ్లు తెచ్చి చూపినవారికి బహుమానము నిర్ణయించెను. 1950 దశకపు ఆరంభము వరకు సాగిన ఆ పద్ధతిలో లక్షకు పైగా గ్రద్దలు హతమైనవి. ఖజానానుండి సొమ్మిచ్చి ఒక దేశము తన రాజ్యముద్రికపై నున్న పక్షిని తానే చంపించుట చరిత్రలోని వింతలలో నొకటి.

ప్రధాన భూభాగమునను వేటపక్షుల గతి ఇంతకంటె మెరుగు కాదు. పెన్సిల్వేనియా కొండలమీదుగా ఆకురాలుకాలమున దక్షిణమునకు తరలిపోవు డేగలను, గ్రద్దలను గుంపులుగా కాల్చుట వినోదముగా నుండెడిది. 1934లో రోజలీ ఎడ్జ్ అను మహిళ ఆ కొండను కౌలుకు తీసికొని, కావలివాని నుంచి, తుపాకులను లోనికి రానీయకుండెను. వేటపక్షుల రక్షణకై ఏర్పడిన ఆ 'హాక్ మౌంటెన్' ఆశ్రయస్థానము నేటికిని ఉన్నది. ఏటేట అచ్చటినుండి లెక్కించిన పక్షుల పట్టికలు తరువాతి కాలమున గొప్ప సాక్ష్యముగా ఉపయోగపడినవి.

1940లో కాంగ్రెసు తెల్లతల గ్రద్దను రక్షించు ప్రత్యేకచట్టమును చేసెను. దాని ప్రకారము గ్రద్దను చంపుటయే కాదు, పట్టుట, అమ్ముట, కొనుట, ఇంట నుంచుకొనుట, దాని గ్రుడ్డును, గూటిని, తుదకు ఒక యీకనైనను అనుమతి లేక తీసికొనుట నేరము. అయినను అలాస్కాను ఈ చట్టమునుండి మినహాయించిరి; 1959లో గాని ఆ మినహాయింపు తొలగలేదు. చట్టములో మరియొక లోపము వేటగాండ్రకు చిక్కెను. తెల్లతల గ్రద్ద పిల్లయు, బంగారు గ్రద్దయు దూరమునుండి చూచువారికి ఒక్కతీరుగనే కనబడును. "బంగారు గ్రద్ద యనుకొని కాల్చితిని" అన్నవానిని శిక్షించు టెట్లు? అందువలన 1962లో బంగారు గ్రద్దను గూడ ఈ చట్టమున చేర్చిరి. ఒక పక్షిని రక్షించుటకు దానివలె కనబడు మరియొక పక్షిని రక్షింపవలసి వచ్చెను.

తుపాకి లేని చావు

చట్టము వచ్చినది, తుపాకులు కొంత తగ్గినవి, పక్షులు మాత్రము పెరుగలేదు. కెనడాలోని విన్నిపెగ్ నగరమున బ్యాంకుద్యోగము చేసి విశ్రాంతి తీసికొన్న చార్లెస్ బ్రోలీ అను నాతడు, అరువదేండ్ల వయస్సున, 1939 మొదలు ఫ్లారిడా పశ్చిమతీరమున ఎత్తయిన చెట్లెక్కి గ్రద్దపిల్లల కాళ్లకు గుర్తుకడియములు తొడుగుట తన పనిగా పెట్టుకొనెను. వేయికి పైగా పిల్లలకు ఆయన కడియములు తొడిగెను. 1947 మొదలు ఆయనకు ఒక వింత కనబడెను. గూళ్లున్నవి, జంటలున్నవి, పిల్లలు లేవు. 1958లో నూరు మైళ్లకు పైగా గాలించగా కడియము తొడుగుటకు ఆయనకు దొరికినది ఒక్క పిల్ల మాత్రమే. 1962లో రేచల్ కార్సన్ తన 'సైలెంట్ స్ప్రింగ్' గ్రంథమున ఈ వృద్ధుని అనుభవమును, హాక్ మౌంటెన్ లెక్కలను జనులయెదుట ఉంచెను.

కారణము డి.డి.టి. రెండవ ప్రపంచయుద్ధకాలమున దోమలను, పేలను చంపి సైనికుల ప్రాణములు కాపాడినదని కీర్తి పొందిన ఈ మందును యుద్ధానంతరము పొలములపై, అడవులపై, చిత్తడినేలలపై విమానములతో చల్లిరి. అది త్వరగా నశించునది కాదు. వాననీటితో కాలువలలో చేరి, నీటిపురుగులలోనికి, వానిని తిను చిన్నచేపలలోనికి, వానిని తిను పెద్దచేపలలోనికి పోయి, ఒక్కొక్క మెట్టున చిక్కబడుచు, తుదకు గ్రద్ద దేహపు క్రొవ్వులో నిలువయుండును. అది గ్రద్దను వెంటనే చంపదు. దానినుండి పుట్టిన డి.డి.ఇ. అను పదార్థము గ్రుడ్డుపెంకునకు చేరవలసిన సున్నమును చేరనీయదు. పెంకు పలుచనగును. పొదుగుటకు కూర్చున్న తల్లి బరువునకే గ్రుడ్డు పగులును.

ఈ రహస్యము బయటపడినది గ్రద్దవలన కాదు, బైరిడేగవలన. డెరెక్ రాట్‌క్లిఫ్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు, గ్రుడ్లను సేకరించి దాచుకొనువారి పెట్టెలలోని పాత గ్రుడ్లను క్రొత్త గ్రుడ్లతో తూచి, 1940 దశకపు చివర హఠాత్తుగా పెంకులు పలుచనైనవని 1967లో నిరూపించెను. ఒకనాడు డేగగూళ్లను కొల్లగొట్టిన సేకర్తల పెట్టెలే ఆ డేగజాతిని రక్షించుటకు సాక్ష్యమిచ్చినవి. అప్పటికే అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున బైరిడేగ జంట యొక్కటియు మిగులలేదు. అలాస్కా, హవాయిలు గాక తక్కిన నలువదియెనిమిది రాష్ట్రములలో తెల్లతల గ్రద్దల జంటలు 1963 నాటికి అయిదువందలకు లోపు.

ఇక్కడ పాఠకులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. 1940 నాటి చట్టము చెడ్డది కాదు. కాని అది చంపువాని చేతిని మాత్రమే పట్టుకొనగలదు. పొలమునకు మందు చల్లిన రైతునకు గ్రద్దపై పగ లేదు. గ్రద్దను ఆతడు చూచియైన నుండడు. ఉద్దేశములేని హత్యకు ఆ చట్టమున మందు లేకపోయెను.

చట్టములు చేతులు కలిపిన దశకము

1967లో తెల్లతల గ్రద్దను దక్షిణభాగమున అపాయస్థితిలోనున్న జాతిగా ప్రకటించిరి. 1971లో వ్యోమింగ్ రాష్ట్రమున గొఱ్ఱెల మందల యజమానులకొరకు హెలికాప్టరులలో తిరిగి వందలకొలది గ్రద్దలను కాల్చిన వృత్తాంతము సెనేటు ఉపసంఘము ఎదుట వెల్లడియై దేశమంతట సంచలనము కలిగించెను. మరుసటి యేడే 1940 చట్టమును సవరించి, అయిదువందల డాలరుల జుల్మానాను అయిదువేలకును, ఆరునెలల ఖైదును ఒక సంవత్సరమునకును పెంచిరి. నేరమును తెలిపినవానికి జుల్మానాలో సగము, రెండువేల అయిదువందల డాలరులకు మించకుండ, ఇచ్చు నిబంధనయు చేర్చిరి. ఒకప్పుడు గ్రద్ద కాళ్లకు బహుమానమిచ్చిన దేశము గ్రద్దను చంపినవానిని పట్టియిచ్చుటకు బహుమానమిచ్చు స్థితికి వచ్చెను. ఆ సంవత్సరమే మెక్సికోతో కుదిరిన ఒప్పందమువలన గ్రద్దలు, డేగలు, గుడ్లగూబలు 1918 నాటి వలసపక్షుల చట్టపు నీడలోనికిని వచ్చినవి.

అన్నిటికంటె ముఖ్యమైనది 1972 జూన్ నెలలో జరిగెను. దీర్ఘమైన విచారణ జరిగిన పిదప పరిసరరక్షణ సంస్థ అధిపతి విలియం రకల్స్‌హౌస్ పంటలపై డి.డి.టి. వాడుకను నిషేధించెను. 1973 డిసెంబరులో అపాయస్థితి జాతుల చట్టము వచ్చెను. 1978లో గ్రద్దను నలువదిమూడు రాష్ట్రములలో అపాయస్థితి జాతిగను, అయిదింట అపాయమునకు చేరువైన జాతిగను నమోదు చేసిరి. ఈ చట్టము వేటగానికే గాక ప్రభుత్వమునకును సంకెల వేసినది. ఒక రాజమార్గమో, ఆనకట్టయో కట్టుటకు గాని, అనుమతించుటకు గాని ముందు, దానివలన ఆ జాతికి హాని లేదని ప్రభుత్వశాఖలే నిశ్చయపరచుకొనవలెను. గూళ్లున్న చెట్ల చుట్టును నిర్ణీతదూరములో, నిర్ణీతమాసములలో పనులు నిలిపిరి.

చట్టము పక్షిని కాపాడగలదు గాని పక్షిని పుట్టింపలేదు. న్యూయార్కు రాష్ట్రమున 1976 నాటికి ఒక్క జంట మాత్రమే గూడుకట్టుచుండెను. ఆ సంవత్సరము మొదలు 1988 వరకు అచ్చటి అధికారులు నూటతొంబదియెనిమిది గ్రద్దపిల్లలను ఇతర ప్రాంతములనుండి తెచ్చి పెంచి విడిచిపెట్టిరి. ఎత్తయిన మంచెలపై కట్టిన గూళ్లలో వానిని ఉంచి, మనుష్యుని ముఖము కనబడకుండ చేపలు వేసి, రెక్కలు వచ్చిన పిదప తలుపు తెరచిరి. ఆ పిల్లలలో చాలభాగము అలాస్కానుండి వచ్చినవి. ఏ ప్రాంతమున లక్షకు పైగా గ్రద్దలు బహుమానము కొరకు బలియైనవో, ఆ ప్రాంతమే తక్కిన దేశమునకు గ్రద్దలను దానము చేసెను. బైరిడేగల విషయమునను ఇట్టి కృషి జరిగెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున టామ్ కేడ్ మొదలిడిన ప్రయత్నమువలన బోనులలో పుట్టిన డేగలు తూర్పుతీరపు మహానగరములలోని మేడలపైనను, వంతెనలపైనను గూళ్లు కట్టినవి.

పట్టికనుండి తొలగిన దినము

1995లో తెల్లతల గ్రద్దను అపాయస్థితినుండి ఒక మెట్టు దించిరి. 1999లో బైరిడేగ పట్టికనుండి పూర్తిగా తొలగెను. గ్రద్దను తొలగింతుమని అదే సంవత్సరము ప్రకటించినను, ఆ మాట ఎనిమిదేండ్లు నెరవేరలేదు. తొలగించిన పిదప గూళ్లకు రక్షణ ఏమి యను ప్రశ్న తేలకపోవుటయే దీనికి ముఖ్యకారణము.

ఇంతలో మిన్నెసోటా రాష్ట్రమున ఒక భూస్వామి న్యాయస్థానమున కెక్కెను. సరస్సు ఒడ్డున తన నేలలో ఇండ్లు కట్టదలచిన ఆయనకు ఒక గ్రద్దగూడు అడ్డమయ్యెను. జాతి కోలుకొన్నదని ప్రభుత్వమే చెప్పుచు, ఆంక్షలు మాత్రము తొలగింపకుండుట అన్యాయమని ఆయన వాదము. న్యాయస్థానము ఆ వాదమును మన్నించి, గడువులోపల తేల్చవలెనని 2006లో ఆదేశించెను. ఆయనను పక్షిద్వేషి యని తీసివేయుట సరికాదు. అపాయస్థితి తీరిన పిదప అపాయస్థితి చట్టము వర్తింపరాదనుట న్యాయమైన మాటయే. చట్టము తన గడువును తానే పాటింపనిచో, రేపు మరియొక ప్రాణిని ఆ పట్టికలో చేర్చునపుడు జనులు నమ్మరు.

2007 జూన్ 28వ తేదీన గ్రద్దను పట్టికనుండి తొలగించుచున్నట్లు ప్రకటించిరి. అప్పటి లెక్క ప్రకారము నలువదియెనిమిది రాష్ట్రములలో 9,789 జంటలుండెను. కాని ఆ దినమున గ్రద్ద నిరాశ్రయము కాలేదు. 1940 నాటి పాతచట్టము నిలిచియే యున్నది. ఆ చట్టములో 'కలతపెట్టుట' కూడ నేరమని యుండెను గాని ఏది కలత యను వివరణ లేదు. 2007లో దానికి అర్థము చెప్పిరి: గ్రద్దకు గాయము కలుగునట్లును, పిల్లలు పుట్టుట తగ్గునట్లును, గూటిని విడిచిపోవునట్లును చేయు చర్య కలతయే. తప్పనిసరియైనచోట నియమములతో అనుమతులిచ్చు విధానమును 2009లో ఏర్పరచిరి. అంతేగాక, తొలగించిన జాతిని కనీసము అయిదేండ్లు గమనింపవలెనని చట్టము చెప్పుచుండగా, గ్రద్దను ఇరువదేండ్లు గమనించు ప్రణాళికను వేసిరి. ఆ ప్రణాళిక ప్రకారము 2018, 2019 సంవత్సరములలో జరిగిన పరిశీలనలో 71,400 జంటలు, మొత్తము మీద 3,16,700 పక్షులు ఉన్నవని 2021లో ప్రకటించిరి.

ఈ చట్టములో కాఠిన్యముతో పాటు ఒక ద్వారమును ఉంచిరి. అమెరికా ఆదివాసులకు గ్రద్దయీక పరమపవిత్రము. వారి పూజలకు, వేడుకలకు అది లేక జరుగదు. అందువలన దేశమున ఎక్కడ గ్రద్ద చనిపోయి దొరికినను దానిని కొలరాడోలోని ఒక ప్రభుత్వభాండాగారమునకు పంపి, అచ్చటినుండి గుర్తింపు పొందిన తెగలవారికి ఉచితముగా పంచుదురు. కోరినవారు ఎక్కువ, పక్షులు తక్కువ. పూర్తి పక్షికై ఏండ్ల తరబడి వేచియుండవలసిన వారును కలరు. ఇది వారికి బాధాకరమే. అయినను ఒకరి భక్తి నెపముగా మరియొకరి వ్యాపారము పెరుగకుండ చేయుటకు ఇంతకంటె మేలైన మార్గము ఇంతవరకు కనబడలేదు.

మిగిలిన విషము

లెక్కలు పెరిగినవని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. వేటగాడు లేడిని కాల్చి, దాని పేగులను అడవిలో విడిచిపోవును. సీసపుగుండు పగిలి చిన్న తునుకలై ఆ పేగులలో ఉండును. శీతకాలమున ఆకలిగొన్న గ్రద్ద దానిని తిని విషగ్రస్తమగును. ముప్పదియెనిమిది రాష్ట్రములలో 1,210 గ్రద్దలను పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, తెల్లతల గ్రద్దలలోను బంగారు గ్రద్దలలోను ఇంచుమించు సగమునకు ఎముకలలో దీర్ఘకాలిక సీసవిషపు గుర్తులు కనబడినవి. నీటిపక్షుల వేటలో సీసపురవ్వలను దేశమంతట 1991లో నిషేధించిరి. కాలిఫోర్నియా రాష్ట్రము 2019 మొదలు అన్ని వేటలలోను సీసపుగుండ్లను నిషేధించెను. కాని ప్రభుత్వ వన్యప్రాణి ఆశ్రయములలో సీసమును క్రమముగా మాన్పింపవలెనని 2017 జనవరిలో వెలువడిన ఉత్తరువును మార్చినెలలోనే రద్దుచేసిరి. గాలిమరల రెక్కల విషయమును ఇట్టిదే. 2012 మొదలు నూటయేబదికి తగ్గకుండ గ్రద్దలు చనిపోయినవని ఒక పవనవిద్యుత్సంస్థ 2022లో నేరమంగీకరించి, ఎనిమిది మిలియన్ డాలరులకు పైగా చెల్లింపవలసి వచ్చెను.

ఇది పరదేశపు కథ యని మనము ఊరకుండరాదు. జటాయువు కథ విని పెరిగిన మన దేశమున రాబందు గతి యేమయ్యెను? మన వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లోనే వచ్చెను. అయినను 1992కును 2007కును నడుమ తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించినవి. వానిని ఎవరును కాల్చలేదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరముల ద్వారా వానిని చంపెనని 2004లో తేలెను. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి. మనుష్యులకు తయారుచేసిన పెద్దసీసాలు పశువులకు మరలకుండ 2015లో సీసా పరిమాణమును మూడు మిల్లీలీటర్లకు తగ్గించిరి. అదే హాని చేయు కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను 2023లో పశువులకు నిషేధించిరి. తుపాకిని ఆపిన చట్టము విషమును ఆపలేదను అమెరికా అనుభవమే ఇచ్చటను పునరుక్తమయ్యెను. గ్రద్దవలె మన రాబందు ఇంకను కోలుకొనలేదు, కోలుకొన్ననాడు మాత్రము "ఇంకను చట్ట మెందులకు?" అను ప్రశ్న మన చెవినిగూడ పడకపోదు.

ఆ ప్రశ్నకు అమెరికా చరిత్ర చెప్పు సమాధానము స్పష్టముగనే యున్నది. ఆపత్కాలపు ఆంక్షలు ఆపద తీరగనే తీరవలెను. లేనియెడల పొలముగలవాడు పక్షిని పగవానిగా చూచును. కాని చంపరాదు, గూటిని కూల్చరాదు, విషము పెట్టరాదు అను సామాన్యధర్మము ఆపదతో నిమిత్తము లేక ఎల్లకాలము నిలువవలెను. 1940 చట్టము అరుదైనపుడు మాత్రమే వర్తించునని వ్రాసియుండినచో, 2007లో ఆ గూళ్లకు దిక్కుండెడిది కాదు. రాజ్యముద్రికపై రెండువందల నలువదేండ్లకు పైగా నిలిచిన ఈ గ్రద్దను అమెరికా జాతీయపక్షిగా చట్టరీత్యా ప్రకటించినది 2024 డిసెంబరులో మాత్రమే. బిరుదు ఆలస్యముగా వచ్చినను నష్టము లేదు. ఆ దేశపు వేటగాడు తన తుపాకిలో సీసమునకు బదులు రాగిగుండును ఎప్పుడు పెట్టుననునదియే ఇక మిగిలిన విషయము. రాగిగుండు అంగడిలో దొరకుచున్నది. దానిని కొనుమని దేశమంతటికి చెప్పు చట్టము ఇంకను రాలేదు.